ఉప్పెన లెక్క తేల్చిన కెప్టెన్

1839 నవంబరు 25. కోరంగి రేవు.

ఉత్తరపు గాలి ఊపిరి తీసుకోకుండా కొడుతోంది. గోదావరి పాయలో కట్టేసిన దోనెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. ఒడ్డున తాటిచెట్లు ఒక పక్కకే ఒరిగిపోయి లేవడం మానేశాయి. సరంగు చెవి దగ్గర నోరుపెట్టి అల్లుడు అరుస్తున్నాడు.

"మామా, రెండో లంగరు కూడా వేశాం. మోకులు ఆగేలా లేవు."

"ఓడ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ఇంటికెళ్ళి మీ అత్తనీ పిల్లల్నీ మెరకకి తీసుకెళ్ళు."

"ఇక్కడ మెరకెక్కడుంది మామా?"

ఈ మాటలు నేను అల్లినవి. ఆ రోజు కోరంగిలో ఎవరు ఎవరితో ఏమన్నారో రాసిపెట్టినవాళ్ళు లేరు. రాయగలిగినవాళ్ళు చాలామంది మిగల్లేదు. కానీ అల్లుడి ప్రశ్న మాత్రం అబద్ధం కాదు. యానాం నుంచి తాళ్ళరేవు మీదుగా కాకినాడ వైపు వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూడండి. మెరక ఇప్పటికీ కనపడదు.

ఆ తుఫానులో కోరంగి పోయింది. అది పోవడం మొదటిసారి కాదు. సరిగ్గా యాభై ఏళ్ళ కిందట, 1789 డిసెంబరులో, సముద్రం పోటు మీదున్న వేళ మూడు అలలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. మొదటిది రేవులో ఉన్న ఓడల్ని ఒడ్డుకు ఎత్తిపడేసింది. రెండోది పల్లపు పొలాలన్నిటినీ ముంచింది. మూడోది ఊరిని తుడిచేసింది. అప్పట్లో చెప్పుకున్న లెక్క 20 వేల ప్రాణాలు. నది మొగలో ఉన్న ఓడలు యానాం పక్కన పొలాల్లో తేలాయి. సముద్రం వెనక్కి వెళ్తూ ఇసుకా బురదా కుప్పలు పోసి పోయింది, శవాల కోసం తవ్వడానికి కూడా వీల్లేకుండా.

1839 నాటి సంగతికొస్తే మూడు లక్షల మంది చనిపోయారనీ, 20 వేల ఓడలూ పడవలూ ధ్వంసమయ్యాయనీ ఎక్కడ చూసినా రాస్తారు. ఈ అంకెల్ని నేను నమ్మను. 20 వేల పడవలు ఆ పాయలో ఉండి ఉంటే ఒకదాని మీంచి ఒకటి దాటుకుంటూ తడవకుండా యానాం చేరుకోవచ్చు. ఆ రోజుల్లో మన పల్లెల్లో తలలు లెక్కపెట్టినవాడెవడు? లెక్క పెద్దదైనా చిన్నదైనా రేవు మాత్రం మళ్ళీ కోలుకోలేదు. ఓడలు కట్టిన ఊరు, బర్మాకు మనుషుల్ని మోసిన ఊరు, అక్కడ తెలుగువాళ్ళందరికీ 'కోరంగీలు' అన్న పేరు తగిలించిన ఊరు, వ్యాపారాన్ని మెల్లగా కాకినాడకు వదిలేసి కూర్చుంది.

ఇక కథ కలకత్తాకు వెళ్తుంది.

అక్కడ ఏషియాటిక్ సొసైటీలో ఒక ఇంగ్లిషాయన ఉన్నాడు. పేరు హెన్రీ పిడింగ్టన్. 1797లో ఇంగ్లండులో ససెక్స్ ప్రాంతపు అక్‌ఫీల్డ్‌లో పుట్టాడు. చిన్ననాడే వర్తక ఓడలెక్కి, ఇండియా - చైనా దారిలో తిరిగే ఓడకు కెప్టెన్ అయ్యాడు. 1830 ప్రాంతంలో సముద్రానికి సెలవిచ్చి కలకత్తాలో దిగాడు. వాతావరణం ఆయన ఉద్యోగం కాదు. వాతావరణానికి ఉద్యోగమంటూ ఒకటుంటుందని అప్పటికి దొరలకే తట్టలేదు. ఆయన భారతదేశపు మొక్కల పేర్లకు సూచిక తయారు చేశాడు, సొసైటీ పనులు చూశాడు, ఖనిజాలూ రాళ్ళూ దాచే మ్యూజియానికి క్యూరేటరయ్యాడు. ఉల్కల్ని కూడా పరీక్షించేవాడు. ఆయన పేరు మీద 'పిడింగ్టనైట్' అని ఒక ఖనిజానికి పేరు కూడా పెట్టారు. జీతం రాళ్ళకు, మనసు గాలికి.

ఆ గాలి పిచ్చి ఆయనకు ఒక పుస్తకం వల్ల పట్టుకుంది. 1838లో విలియం రీడ్ అనే సైనికాధికారి తుఫానుల సూత్రం మీద రాసిన పుస్తకం వచ్చింది. రీడ్ 1831లో బార్బడోస్ దీవిని ధ్వంసం చేసిన తుఫాను తర్వాత అక్కడ పనిచేసినవాడు. అంతకుముందే అమెరికాలో విలియం రెడ్‌ఫీల్డ్ ఒక వింత గమనించాడు. 1821 తుఫాను వెళ్ళాక కనెక్టికట్‌లో కాలినడకన తిరుగుతూ చూస్తే, ఒకచోట చెట్లన్నీ ఒక దిక్కుకు పడి ఉన్నాయి, కొంతదూరం పోయాక సరిగ్గా ఎదురు దిక్కుకు పడి ఉన్నాయి. గాలి తిన్నగా వీస్తే ఇలా జరగదు. తుఫాను గిర్రున తిరుగుతూ కదులుతుంది. ఇదే మాట మన కోరమాండల్ తీరపు గాలివానల్ని చూసి కల్నల్ జేమ్స్ కాపర్ 1801లోనే రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

నిజానికి తీరంలో పుట్టిపెరిగిన జాలరికి ఇందులో కొత్త ఏముంది? ముందు ఉత్తరపు గాలి కొడుతుంది. కాసేపు చడీచప్పుడూ ఉండదు. ఆ తర్వాత దక్షిణపు గాలి అంతకు రెట్టింపు పొగరుతో తిరగబడుతుంది. ఆ మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని నమ్మి బయటికొచ్చినవాడు పోతాడని ముసలమ్మలు చెబుతూనే ఉన్నారు. చెప్పడం ఉంది గానీ గీసి చూపడం లేదు. పిడింగ్టన్ చేసింది అదే.

ఆయన పనిచేసే తీరు తెలిస్తే ఇప్పటి డిటెక్టివ్ సినిమాలు చప్పగా అనిపిస్తాయి. తుఫాను వెళ్ళిపోయిన కొన్ని వారాలకు దెబ్బతిన్న ఓడలు ఒక్కొక్కటే రేవుల్లోకి వస్తాయి. ప్రతి ఓడలోనూ లాగ్ బుక్ ఉంటుంది. ఏ గంటకు ఓడ ఎక్కడుంది, గాలి ఏ దిక్కు నుంచి వీచింది, బారోమీటరులో పాదరసం ఎంతకు దిగింది, ఏ తెరచాప చిరిగింది, ఏ కొయ్య విరిగింది అన్నీ అందులో ఉంటాయి. ఆ పుస్తకాల్ని, కెప్టెన్ల ఉత్తరాల్ని, తీరంలోని అధికారుల నివేదికల్ని ఆయన పోగుచేశాడు.

ఒక్కసారి ఆ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడదాం. కలకత్తా రాత్రి, నూనె దీపం, బంగాళాఖాతం పటం. ఒక ఓడ ఆ మధ్యాహ్నం తూర్పుగాలి అని రాసింది. ఆ ఓడ ఉన్నచోట ఒక బాణం గుర్తు. అదే సమయానికి దానికి దక్షిణంగా ఉన్న ఓడ పడమటిగాలి అంది. ఇంకో బాణం. పడమర ఉన్న ఓడకు ఉత్తరపు గాలి. తూర్పున ఉన్నదానికి దక్షిణపు గాలి. నలుగురు కెప్టెన్లనూ ఒకచోట కూర్చోబెడితే నువ్వు అబద్ధమంటే నువ్వు అబద్ధమని కొట్టుకునేవాళ్ళు. బాణాలు కలిపితే మాత్రం నలుగురూ నిజమే చెప్పారు. గుండ్రంగా, గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతున్న గాలి కాగితం మీద కనిపించింది.

1839 జూన్ 3, 4, 5 తేదీల్లో బంగాళాఖాతంలో వచ్చిన తుఫాను మీద మొదటి పరిశోధన పత్రం రాశాడు. రెండోది మన కోరంగి తుఫాను మీదే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఏషియాటిక్ సొసైటీ జర్నల్‌లో ఒకదాని వెనుక ఒకటి, ఇరవైకి పైగా వచ్చాయి. చదవడానికి అవి ఏమంత ఇంపుగా ఉండవు. పేజీల కొద్దీ గంటలు, దిక్కులు, అక్షాంశాలు. కానీ ఆ పట్టికల సందుల్లో మనుషులు అరుస్తుంటారు.

ఒక విషయం మాత్రం నన్ను వదలడం లేదు. ఓడలకు లాగ్ బుక్ ఉంది. కోరంగి గుడిసెలకు లేదు. పిడింగ్టన్ పటం మీద ప్రతి బాణమూ బతికి బయటపడిన ఓడ ఇచ్చిన సాక్ష్యం. మునిగినవాళ్ళ బాణాలు అందులో లేవు. పైన రాసిన మామా అల్లుళ్ళు అందుకే ఊహలోంచి రావలసి వచ్చింది.

మారిషస్‌కు చెందిన 'చార్లెస్ హెడిల్' అనే ఓడ కథ చెప్పకుండా ముందుకు పోలేం. 1845 ఫిబ్రవరిలో ఆ ఓడ తుఫానులో చిక్కింది. కెప్టెన్ అందరూ చేసే పనే చేశాడు. ఓడను గాలివాటుకు వదిలాడు. గాలి ఎటు తోస్తే అటు పరుగు, ఐదు రోజులు. తుఫాను నుంచి దూరంగా పారిపోతున్నామనే వాళ్ళు అనుకున్నారు. పిడింగ్టన్ ఆ లాగ్ బుక్ తెరిచి గంట గంటకూ చుక్కలు పెట్టి కలిపాడు. ఓడ తుఫాను కేంద్రం చుట్టూ గానుగెద్దులా తిరుగుతూ ఉంది! పరిగెత్తిన దూరంతో పోలిస్తే కదిలిన దూరం చాలా కొద్ది. తుఫాను గుండ్రంగా తిరుగుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

1848లో ఆ అనుభవమంతా కలిపి నావికుల కోసం పుస్తకం వేశాడు. 'ది సెయిలర్స్ హార్న్ బుక్ ఫర్ ది లా ఆఫ్ స్టార్మ్స్'. దీనికి ముందు 1844లో ఒక చిన్న రూపం వచ్చింది. హార్న్ బుక్ అంటే ఇంగ్లండులో పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలక. అక్షరాల కాగితం చిరిగిపోకుండా పైన పల్చటి కొమ్ము రేకు అతికించేవాళ్ళు. మన లెక్కలో చెప్పాలంటే నావికుల పెద్దబాలశిక్ష. ఈ పుస్తకంలో నిజంగానే అద్దంలా కనిపించే కొమ్ము రేకులు పెట్టి ఇచ్చాడు. వాటి మీద తుఫాను చక్రం, గాలి బాణాలు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఒకటి, దక్షిణాన మరొకటి, ఎందుకంటే అక్కడ గాలి తిరిగే దిక్కు మారిపోతుంది. రేకును సముద్ర పటం మీద పెట్టి, మీకు తగులుతున్న గాలి దిక్కుతో సరిపోయేలా జరిపితే తుఫాను కేంద్రం ఎటుందో తెలిసిపోతుంది. మన సముద్రంలో గాలికి ఎదురుగా నిలబడితే గండం దాదాపు మీ కుడిచేతి వైపు ఉంటుంది. చదువు అంతగా లేని నావికుడికి కూడా పనికొచ్చే విజ్ఞానం. కెప్టెన్‌గా పనిచేసినవాడు కాబట్టే ఇలా ఆలోచించగలిగాడు. తప్పించుకోవడమే కాదు, తుఫాను అంచు గాలిని తెలివిగా వాడుకుని ప్రయాణం తొందరగా ముగించుకోవచ్చని కూడా రాశాడు. అంత ధైర్యం ఎంతమంది చేశారో గానీ.

ప్రపంచానికి 'సైక్లోన్' అనే మాట ఇచ్చింది ఈ పుస్తకమే. గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. పాము చుట్ట అని అందులో ఒక అర్థం. గేల్, హరికేన్, టైఫూన్ అంటూ ఒక్కొక్కరు ఒక్కో మాట వాడుతుంటే వాటిలో కొన్ని గాలి బలాన్ని చెబుతున్నాయి, కొన్ని ప్రాంతాన్ని చెబుతున్నాయి. తిరుగుడు ఒక్కటే చెప్పే మాట కావాలన్నాడు. అది కచ్చితమైన వృత్తమని కూడా అనలేదు, చుట్టలు తిరుగుతుందన్నాడు, అంతే. ఉపగ్రహం పంపే తుఫాను బొమ్మ టీవీలో చూస్తున్న మనకు ఆ పాము చుట్ట ఎంత సరైన పోలికో తెలుసు. ఆకాశం నుంచి ఒక్కసారి కూడా చూడకుండా, ఓడల చిరిగిన పుస్తకాల్లోంచి ఆయన దాన్ని చూశాడు.

అయితే సైక్లోన్ మాట ఇచ్చిన ఇంగ్లిషుకు ఇంకో మాట కరువైంది. తుఫాను వెంట వచ్చే నీటికి ఆయన 'స్టార్మ్ వేవ్' అని రెండు మాటలు అతికించుకోవలసి వచ్చింది. మనకు ఉప్పెన ఉంది. పలికితేనే నాలుకకు ఉప్పు తగులుతుంది.

ఉప్పెన ఎలా వస్తుందో ఇప్పుడు లెక్క తెలుసు. తుఫాను కేంద్రంలో పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం దాదాపు ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది. అది పెద్ద సంగతేమీ కాదు. అసలు పని గాలిది. లోతు తక్కువున్న తీరం వైపు అది నీటిని గంటల తరబడి తోస్తుంది. తోసిన నీటికి వెనక్కి పోయే దారి ఉండదు. దానికి పోటు తోడైతే ఊళ్ళు ఉండవు. మన తీరంలో తుఫాను తీరం దాటేచోటుకు ఉత్తరంగా ఉన్న ఊళ్ళకే దెబ్బ ఎక్కువ, ఎందుకంటే అటువైపు గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. ఇన్ని వివరాలు పిడింగ్టన్‌కు తెలియవు. కానీ చంపేది నీళ్ళేనని ఆయనకు అనుమానం లేదు. తన పుస్తకంలో తుఫాను అల గురించి చెప్పినచోట 1789 కోరంగిని తెచ్చి పెట్టుకున్నాడు.

ఇక ఆయన జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఉత్తరం.

1853 నాటికి కలకత్తా వర్తకులకు ఒక భయం పట్టుకుంది. హుగ్లీ నది పూడిపోతోంది, పెద్ద ఓడలు ఇక రాలేవేమో. కలకత్తాకు దక్షిణంగా, సుందరబన్ అంచున మాత్లా నది ఉంది. లోతుంది, సముద్రానికి దగ్గర. అక్కడ కొత్త రేవు కడితే సింగపూర్‌ను మించిపోతుందని కలలు కన్నారు. గవర్నర్ జనరల్ డల్హౌసీ. కొత్త రైళ్ళు, కొత్త తంతి తీగలు, ఏదైనా అనుకుంటే చేసేసే దొర.

రాళ్ళ మ్యూజియం క్యూరేటరు ఆ డల్హౌసీకి బహిరంగ లేఖ రాసి అచ్చు వేయించాడు. బంగాళాఖాతపు తుఫాను అలలు సుందరబన్‌ను ఏం చేస్తాయో అందులో చెప్పాడు. సారాంశం ఇది. ఏదో ఒకరోజు తుఫాను మధ్యలో ఉప్పునీటి గోడ దొర్లుకుంటూ వస్తుంది. తప్పించుకునే వ్యవధి ఉండదు. ఊరు మొత్తం 5 నుంచి 15 అడుగుల లోతున మునుగుతుంది. ఇక్కడ రేవు కట్టకండి.

ఆ మాట చెవికెక్కించుకున్నవాడు లేడు. కట్టారు. రేవు, రోడ్లు, గట్లు, కలకత్తా నుంచి రైలుమార్గం. డల్హౌసీ తర్వాత వచ్చిన గవర్నర్ జనరల్ పేరు పెట్టారు, పోర్ట్ క్యానింగ్. షేర్లకు జనం ఎగబడ్డారు.

పిడింగ్టన్ అదేమీ చూడలేదు. 1858 ఏప్రిల్ 7న కలకత్తాలోనే కన్నుమూశాడు. ఉత్తర భారతం ఇంకా సిపాయిల తిరుగుబాటు మంటల్లో ఉంది. తుఫానుల ముసలాయన గురించి ఆలోచించే తీరిక అప్పుడు ఎవరికుంటుంది?

1864 వచ్చింది. అక్టోబరు 5న కలకత్తా మీద తుఫాను పడింది. 50 వేలకు పైగా చనిపోయారు. నెల తిరక్కుండానే, నవంబరు 1న, మచిలీపట్నం మీద ఉప్పెన విరుచుకుపడింది. సుమారు 30 వేల మంది పోయారు. అప్పుడు కదిలింది సర్కారు. మరుసటి ఏడాది నుంచి కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు మొదలయ్యాయి. 1867లో బెంగాల్ ప్రభుత్వం హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ అనే ఆయన్ని వాతావరణ అధికారిగా వేసింది. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది, మొదటి అధిపతి ఆయనే. పిడింగ్టన్ రాత్రుళ్ళు సొంత ఆసక్తితో చేసిన పనికి చివరికి ఒక ఆఫీసు, ఒక కుర్చీ దొరికాయి. మన రేవుల్లో 'మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు' అని పేపర్లో చదివినప్పుడల్లా ఆ కుర్చీ వెనుక ఎవరున్నారో తలుచుకోవడం ధర్మం.

ఆ పనికి కొనసాగింపు మన దగ్గర కూడా నెత్తుటితోనే జరిగింది. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన పదివేల మందికి పైగా తీసుకుపోయింది. తీరం పొడవునా ఎత్తయిన తుఫాను షెల్టర్లు ఆ తర్వాతే విరివిగా లేచాయి. అల్లుడు అడిగిన మెరకను సిమెంటుతో కట్టుకున్నాం. 

ఇక మాత్లా ఒడ్డు. 1867 నవంబరు 1. పిడింగ్టన్ ఉత్తరం రాసి 14 ఏళ్ళు, పోయి తొమ్మిదేళ్ళు. తుఫాను పోర్ట్ క్యానింగ్ మీదికి వచ్చింది. వెంట వచ్చిన నీరు ఆరడుగులు. కోరంగితో పోలిస్తే అది చిన్న ఉప్పెన కిందే లెక్క. ఆ ఆరడుగులే రేవును పనికిరాకుండా చేశాయి. కొన్నేళ్ళకే దాన్ని వదిలేశారు. అమితావ్ ఘోష్ 'ది హంగ్రీ టైడ్' నవలలో ఈ కథను ఎంతో ఆర్ద్రంగా చెప్పాడు. చదివినవాళ్ళు పిడింగ్టన్‌ను భవిష్యత్తు తెలిసిన ద్రష్ట అనుకుంటారు. నా దృష్టిలో ఆయన జోస్యం చెప్పలేదు. కోరంగిలో జరిగింది చదువుకుని, అదే సముద్రం పక్కన అదే పల్లపు నేల మీద ఏం జరుగుతుందో లెక్కగట్టాడు. ఆ లెక్కలో తేలిన ప్రాణాలు మనవాళ్ళవి.

రైలుమార్గం మాత్రం మిగిలింది. సియాల్దా నుంచి క్యానింగ్‌కు లోకల్ రైళ్ళు రోజూ నడుస్తాయి. సుందరబన్ చూడబోయేవాళ్ళు అక్కడ దిగుతారు. సముద్రపు ఓడలు మాత్రం ఆ రేవుకు రావు.